ముక్కులో ఆరు చుక్కలెందుకు, రెండు చాలవా?

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని అకౌంట్స్ చూసే ఉద్యోగం. ఏడాదిగా మెడ పట్టేస్తోంది. సాయంత్రమయ్యేసరికి తలబరువు, నుదురంతా నొప్పి. వాతావరణం కాస్త మారితే చాలు తుమ్ములు, ముక్కుదిబ్బడ. మా వదిన "నస్యం చేసుకో, మెడ పైన ఏ జబ్బూ రాదు" అని షడ్బిందు తైలం సీసా ఇచ్చింది. షడ్బిందు అంటే ఆరు చుక్కలని అర్థం కదా అని, రోజూ రాత్రి భోంచేసి పడుకునే ముందు ఒక్కో ముక్కులో ఆరేసి చుక్కలు వేసుకుని గట్టిగా పీల్చాను. మొదటి రెండు రోజులు తల తేలికపడినట్టే ఉంది. నాలుగో రోజు నుంచి గొంతులోకి జారి దగ్గు, పొద్దున్నే గొంతు గరగర, ముక్కులో మంట. భయమేసి ఆపేశాను. నస్యం నిజంగా తల, మెడ జబ్బులు రాకుండా ఆపుతుందా? జుట్టు నెరవదంటారు, నిజమేనా? మా అయిదేళ్ళ బాబుకి, పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మా మామగారికి కూడా వేయొచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ఆపేసి మంచి పని చేశారు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఇంట్లో చేసుకోదగ్గ నస్యం ఒకటి, మీరు చేసుకున్న నస్యం ఇంకొకటి. రెంటికీ పేరు ఒకటే కావడంతో ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మీరొక్కరే కాదు. అయితే ఆ దగ్గు ఇంకా తగ్గకపోయినా, జ్వరం తగిలినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా ఈ జవాబు పూర్తిగా చదివేదాకా ఆగకండి. డాక్టర్‌కి చూపించుకుని, ముక్కులో నూనె చుక్కలు వేసుకున్న విషయం మీరే చెప్పండి. వాళ్ళు అడగరు, మనం చెప్పం, దగ్గు మందులు మాత్రం మారుతూ ఉంటాయి.

నస్యం అనగానే పెద్దవాళ్ళకి ముక్కుపొడుం గుర్తొస్తుంది. తెలుగులో ఆ మాటకి ఆ అర్థం కూడా ఉంది మరి. "నస్యం చేయాలమ్మా" అంటే "ఛ, నాకా అలవాటు లేదు" అని నొచ్చుకున్న ఒక పెద్దావిడ నాకు ఇప్పటికీ గుర్తే. ఆయుర్వేదంలో నస్యం అంటే ముక్కు ద్వారా మందు ఇవ్వడం. నూనె కావచ్చు, ఆకు పసరు కావచ్చు, ఊదే పొడి కావచ్చు. పంచకర్మల్లో ఇదొకటి. "నాసా హి శిరసో ద్వారం" అని అష్టాంగహృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథం రాసిన వాగ్భటుడి మాట, అంటే ముక్కు తలకి వాకిలి. ఆ శ్లోకంలోనే "ఊర్ధ్వజత్రు వికారాలకి" నస్యం ప్రత్యేకంగా మంచిదన్నాడు. జత్రువంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, కాలర్ ఎముక. దానికి పైన ఉన్న గొంతు, మెడ, చెవి, కన్ను, ముక్కు, తల అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మీ వదినగారు "మెడ పైన" అన్నది ఇక్కడి నుంచి వచ్చిన మాటే. ఆవిడ ఊరికే అనలేదు, కాకపోతే శ్లోకంలో సగమే ఆవిడ దాకా చేరింది.

మిగతా సగం చెప్తాను. నూనెతో చేసే నస్యంలో రెండు రకాలున్నాయి: మర్శం, ప్రతిమర్శం. మర్శం పెద్ద మోతాదు. చూపుడు వేలిని రెండు కణుపుల దాకా నూనెలో ముంచి తీస్తే జారే చుక్క ఒక బిందువు. అలాంటివి పది వేస్తే ఉత్తమ మోతాదు, ఎనిమిది మధ్యమం, ఆరు తక్కువ మోతాదు. ప్రతిమర్శం రెండే రెండు చుక్కలు. మర్శం త్వరగా పని చేస్తుంది, గుణం ఎక్కువ, దానికి తగ్గట్టు పథ్యమూ ప్రమాదమూ ఎక్కువే. ప్రతిమర్శం నెమ్మది. కానీ రోజూ చేసుకుంటే మర్శంలాగే మేలు చేస్తుందనీ, పెద్దగా కట్టుబాట్లూ భయాలూ అక్కర్లేదనీ వాగ్భటుడు రాశాడు. అక్కడితో ఆగక తనే ఒక ప్రశ్న వేస్తాడు. రెంటికీ తేడా లేకపోతే ఇన్ని పథ్యాలతో, ఇంత ప్రమాదంతో కూడిన మర్శం ఎవరు చేయించుకుంటారు అని. నాకు భలే నచ్చే చోటు అది. రోగం వచ్చినవాడికి వేగం కావాలి కాబట్టి మర్శం, ఆరోగ్యంగా ఉన్నవాడికి అలవాటు కావాలి కాబట్టి ప్రతిమర్శం.

ఇప్పుడు మీ సీసా దగ్గరికి వద్దాం. షడ్బిందు తైలం జబ్బుకి వాడే మందు. మొండి పడిశం, తలనొప్పులు లాంటి వాటికి వైద్యులు మనిషిని చూసి, ఇన్ని రోజులని లెక్క పెట్టి ఇస్తారు. అందులో శొంఠి, విడంగం లాంటి ఘాటు ద్రవ్యాలుంటాయి, ముక్కులో మంట రావడం వింతేమీ కాదు. సీసా మీది పేరు మందు పేరే. దాన్ని రోజూ మోతాదుగా చదువుకోకూడదు. మీరేమో ఒక్కో వైపు ఆరేసి, భోంచేసిన వెంటనే, వెల్లకిలా పడుకుని, గట్టిగా పీల్చి, ఉమ్మకుండా నిద్రపోయారు. రెండు చుక్కల ప్రతిమర్శానికి భోజనం తర్వాత కూడా ఒక వేళే, శాస్త్రం అభ్యంతరం పెట్టదు. ఆరు చుక్కల మర్శానికి మాత్రం తిన్న వెంటనే, నీళ్ళు తాగిన వెంటనే, తలస్నానం చేసిన వెంటనే కూడదు. మోతాదు మారితే నియమాలన్నీ మారిపోతాయి.

నూనె గొంతులోకి ఎందుకు జారిందో కూడా తెలుసుకోండి, భయం సగం తగ్గుతుంది. ముక్కు లోపలి పొర మీద కంటికి కనపడనంత సన్నటి నూగు ఉంటుంది. అది ఎప్పుడూ వెనక్కి, గొంతు వైపుకి ఊడుస్తూనే ఉంటుంది. దుమ్ము, క్రిములు అంటుకున్న జిగట పొరని అలా తోసేస్తుంది. ముక్కులో పడ్డది ఏదైనా పది, ఇరవై నిమిషాల్లో గొంతుకి చేరడం సహజం. రెండు చుక్కలైతే తెలియనే తెలియదు. పన్నెండు చుక్కలైతే తెలుస్తుంది. మెలకువగా ఉంటే ఉమ్మేస్తాం, లేదా మింగేస్తాం. నిద్రలో గొంతు అంత జాగ్రత్తగా ఉండదు, కొంచెం కొంచెంగా శ్వాసనాళంలోకి జారే వీలుంది. నీళ్ళయితే దగ్గుతో బయటికి వచ్చేస్తాయి. నూనె అలా కాదు, ఊపిరితిత్తులు దాన్ని వదిలించుకోవడానికి చాలా కష్టపడతాయి. నూనె చుక్కలు రోజుల తరబడి అలా లోపలికి పోతే ఒక రకం న్యుమోనియా వస్తుందని వైద్యశాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. మీకు వచ్చిందని అనడం లేదు, నాలుగు రోజులకే ఆపారు కూడా. "నూనే కదా, ఏం చేస్తుందిలే" అనే ధీమా మాత్రం వద్దు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మీ అసలు ప్రశ్న, నస్యం జబ్బులు రాకుండా ఆపుతుందా అని. ముక్కుసూటిగా చెప్పాలంటే, కొన్నింటి విషయంలో అవును అనొచ్చు, కొన్నింటి విషయంలో శాస్త్రం చెప్పింది గానీ ఈనాటి పరీక్షలకి నిలబడే రుజువు ఇంకా లేదు.

చరకుడు తన చరకసంహితలో, సూత్రస్థానం అనే భాగం అయిదో అధ్యాయంలో, నస్యానికి వాడే అణుతైలం అనే మందు నూనె గురించి చెప్తూ, కాలం తప్పకుండా నస్యం చేసుకునేవాడికి కన్ను, ముక్కు, చెవి దెబ్బతినవని, జుట్టు తెల్లబడదు, రాలదని అంటాడు. మెడ పట్టడం, తలనొప్పి, మూతి వంకరపోవడం, దవడ బిగుసుకోవడం, పడిశం, ఒంటి తలనొప్పి, తల వణకడం తగ్గుతాయంటాడు. పెద్ద జాబితానే. వైద్యురాలిగా నేను ఈ జాబితాని నస్యం ఏ దిక్కున పని చేస్తుందో చూపించే బాణం గుర్తులా చూస్తాను. ఇన్ని జబ్బులకీ గ్యారంటీ కార్డు అనుకోను.

ముక్కు సంగతి వరకు నాకు నమ్మకం ఉంది. ముక్కు పని గాలిని వడకట్టడం, వెచ్చబరచడం, తడి చేయడం. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్ళకి ఆ లోపలి పొర ఎండిపోతుంది, పొలుసు కడుతుంది, గీరుకుంటే రక్తం వస్తుంది. ఎండిన పొర మీద నూగు సరిగ్గా ఊడవలేదు. అలాంటి ముక్కుకి నూనె పూత మేలు చేస్తుంది. స్వీడన్‌లో చలికాలపు పొడిగాలికి ముక్కు ఎండిపోయినవాళ్ళకి నువ్వుల నూనె, ఉప్పునీళ్ళు రెండూ వాడించి పోల్చి చూశారు. ఆ పరిశీలన 2001లో అచ్చయింది. పొడితనం, దిబ్బడ, పొలుసులు తగ్గించడంలో నూనెదే పైచేయి అయింది. అణుతైలానికి ఆధారం నువ్వుల నూనే. 2020లో కరోనా వచ్చిన కొత్తలో ఆయుష్ మంత్రిత్వశాఖ కూడా పొద్దునా సాయంత్రం ముక్కు రంధ్రాల్లో నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ నెయ్యి గానీ రాసుకోమని సూచించింది. దాన్ని కొందరు కరోనాకి కవచం అన్నట్టు ప్రచారం చేశారు, అది అతి. ముక్కు ఆరోగ్యానికి ఒక మంచి అలవాటు, అంతవరకే.

అన్నట్టు నెయ్యా, నూనా అని చాలామంది అడుగుతారు. ఆరోగ్యవంతుడు రోజూ చేసుకునే నస్యానికి నూనే మంచిదని వాగ్భటుడు తేల్చేశాడు. తల కఫానికి స్థానం, కాబట్టి నెయ్యి లాంటి మిగతా జిడ్డు పదార్థాలు వద్దంటాడు. నెయ్యితో చేసే నస్యాలు లేకపోలేదు, అవి వైద్యుడు అవసరం చూసి ఇచ్చేవి.

మెడ విషయానికొస్తే, మన్యాస్తంభం అనే మెడ పట్టుకి నస్యం వాడటం ఆయుర్వేదంలో పాత పద్ధతే. నేనూ వాడతాను. కానీ నస్యం ఒక్కటే చేసి పంపను. మెడకి నూనె పట్టించి కాపడం పెట్టడం, మెడ కండరాలకి వ్యాయామం, కూర్చునే తీరు సరిదిద్దడం అన్నీ కలిపి చేస్తాను. తగ్గినప్పుడు ఎంత నస్యం వల్ల తగ్గింది, ఎంత మిగతా వాటి వల్ల తగ్గిందని విడదీసి చెప్పమంటే నిజాయితీగా చెప్పలేను. మెడ పూసల మధ్య డిస్కులు వయసుతో అరిగిపోతాయి. ముక్కులో వేసిన నూనె ఆ అరుగుదలని ఆపుతుందనడానికి రుజువు లేదు. "ముక్కు నుంచి నూనె నేరుగా మెదడుకి వెళ్తుంది" అని చెప్పేవాళ్ళ మాట కూడా అంత తేలిగ్గా నమ్మకండి. వాసన తెలిపే నరాలు ముక్కు పైకప్పులో ఉన్న జల్లెడ లాంటి ఎముకలోంచి మెదడుకి వెళ్తాయన్నది నిజం. ఆ దారిలో నూనె గ్లాసులో పోసినట్టు పోదు. జుట్టు గురించి కూడా అడిగారు కదా. నెరిసిన వెంట్రుక నస్యంతో నల్లబడగా నేనింతవరకు చూడలేదు, నా తలే సాక్ష్యం.

ఇక ఇంట్లో ఎలా చేసుకోవాలి? ముందు మీ ముక్కు మంట, గొంతు గరగర పూర్తిగా తగ్గనివ్వండి. కనీసం రెండు వారాలు ముక్కులో ఏమీ వేయకండి. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న ఆయుర్వేద వైద్యుడికి ఒకసారి ముక్కు చూపించుకుని, ఆయన సరేనంటే అణుతైలంతో మొదలుపెట్టండి. అణుతైలం తయారీ చరకుడి కాలం నుంచీ ఓపికతో కూడిన పని. మూలికల కషాయంతో నువ్వుల నూనెని మళ్ళీ మళ్ళీ పదిసార్లు వండుతారు, చివరిసారి మేకపాలు కూడా కలుపుతారు. మంచి కంపెనీది, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నది కొనండి. వంటగదిలో నూనె డబ్బా ముక్కుకి పనికిరాదు.

పొద్దున్నే పళ్ళు తోముకున్నాక చేసుకుంటే అలవాటు కుదురుతుంది. ముక్కు చీదేయండి, గట్టిగా కాదు, ఒక్కో వైపు మెల్లగా. సీసాని గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు నిలబెట్టండి. మంట మీద పెట్టకండి, మైక్రోవేవ్‌లో అసలే వద్దు. ఒక చుక్క చేతి వెనక వేసి చూస్తే వేడి తెలిసిపోతుంది, చర్మానికి వేడీ చల్లదనం రెండూ తెలియకుండా ఉండాలి. కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం కాస్త పైకెత్తి ఒక్కో వైపు రెండేసి చుక్కలు వేయండి. డ్రాపర్ మొన ముక్కుకి తగలకూడదు, తగిలిందంటే ముక్కులోని క్రిములు సీసాలోకి పోయినట్టే. ఇంటిల్లిపాదికీ ఒకే డ్రాపర్ కూడా వద్దు. వేశాక మెల్లగా, మామూలుగా ఊపిరి పీల్చండి. మీరు చేసినట్టు సర్రున లాగకూడదు. ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టుకుంటూ అలాగే ఉండండి. గొంతులోకి వచ్చింది ఏదైనా మింగకుండా ఉమ్మేసి, గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించండి. అంతే, మొత్తం కలిపి అయిదారు నిమిషాల పని. ఆ రెండు చుక్కలు కూడా ఎక్కువనిపించేవాళ్ళకి ఇంకా తేలిక దారి ఉంది. శుభ్రంగా కడుక్కున్న చిటికెన వేలికి ఒక చుక్క రాసుకుని ముక్కు రంధ్రం లోపలి అంచుకి పూసుకోవడమే. గోరు కత్తిరించుకుని ఉండాలి సుమా.

తర్వాత ఒక గంట తలస్నానం చేయకండి, దుమ్ములోకి, చలిగాలిలోకి వెళ్ళకండి. జ్వరం, కొత్తగా మొదలైన జలుబు, దగ్గు, అజీర్తి ఉన్న రోజున మానేయండి. ముక్కు నుంచి పచ్చటి చీమిడి, దుర్వాసన, బుగ్గ ఎముకల దగ్గర నొప్పి ఉంటే రెండు చుక్కలు కూడా వద్దు. దాన్ని దుష్టపీనసం అంటారు. అక్కడ ప్రతిమర్శం మోతాదు చాలదు, పైగా లోపలున్నదాన్ని కదిపి వదిలేస్తుంది. ఆ సైనస్ ఇన్ఫెక్షన్‌కి ముందు చికిత్స జరగాలి. గర్భిణులు, ముక్కుకి ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, తరచూ ముక్కు నుంచి రక్తం కారేవాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు సొంతంగా చేసుకోకూడదు. ముక్కు స్ప్రేలు వాడుతుంటే నూనెకీ స్ప్రేకీ మధ్య ఎడం ఉంచండి, లేకపోతే నూనె పూత మీద మందు నిలవదు. నువ్వులు పడనివాళ్ళకి ఈ తైలమే వద్దని వేరే చెప్పక్కర్లేదు.

కొందరు దీన్ని, జలనేతిని కలిపేస్తారు. జలనేతి యోగంలోని క్రియ, ఒక ముక్కులోంచి ఉప్పునీళ్ళు పోసి రెండో దాంట్లోంచి తీయడం. అది వేరు, ఇది వేరు. ఎప్పుడైనా నేతి చేసినా కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి. 2011లో అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ఇద్దరు కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కుని, ఆ నీళ్ళలోని అమీబా మెదడుకి పాకి చనిపోయారు.

మరి వైద్యుడి దగ్గర చేసే పెద్ద నస్యం ఎలా ఉంటుంది? ఒక్కసారి చూస్తే మీరే అంటారు, ఇది పడగ్గదిలో మనంతట మనం చేసుకునే పని కాదని. గాలి వీచని గది. ముందు ముఖానికి, మెడకి, భుజాలకి గోరువెచ్చటి నూనె రాసి మర్దన చేస్తారు. వేడినీళ్ళలో పిండిన తువ్వాలుతో కాపడం పెడతారు, కళ్ళకి మాత్రం వేడి తగలనివ్వరు. వెల్లకిలా పడుకోబెట్టి తల కొద్దిగా కిందికి, కాళ్ళు కొద్దిగా పైకి ఉండేలా సర్దుతారు. కళ్ళ మీద గుడ్డ కప్పుతారు. ఒక రంధ్రం మూసి రెండో దాంట్లో సన్నటి ధారగా నూనె వేసి, అప్పుడు అటు నుంచి ఇటు మారుస్తారు. వేస్తుండగానే ఇంకొకరు అరికాళ్ళు, అరచేతులు, భుజాలు, చెవులు రుద్దుతూ ఉంటారు. గొంతులోకి వచ్చినదాన్ని లేచి కూర్చోకుండానే ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిరిగి ఉమ్మాలి. పూర్తిగా పోయేదాకా ఉమ్మిస్తారు. వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు నిద్రపోకుండా పడుకోబెట్టి, ఆ తర్వాత పుక్కిలింపచేస్తారు. నస్యం చేస్తుండగా మనిషి మూర్ఛపోతే తల తప్పించి మిగతా ఒంటి మీద చన్నీళ్ళు చల్లమని వాగ్భటుడు ముందే రాసిపెట్టాడు. మూర్ఛకి కూడా జాగ్రత్త రాసిన పనిని మీరు ఒంటరిగా, లైటార్పేసి చేసుకున్నారు.

కాలం, వేళ కూడా చూస్తారు. కఫం ఎక్కువైన జబ్బుకి పొద్దున, పిత్తానికి మధ్యాహ్నం, వాతానికి సాయంత్రం. మబ్బు పట్టిన రోజున చేయరు. వర్షం మొదలయ్యే కాలం, శరత్తు, వసంతం, ఈ మూడు రుతువుల్లో ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఏటా అణుతైలం నస్యం చేయించుకోమని చరకుడు. సరిగ్గా కుదిరిన నస్యానికి గుర్తులు చెప్పుకోవాలంటే, ఊపిరి తేలిగ్గా ఆడుతుంది, తుమ్ము సాఫీగా వస్తుంది, నిద్ర బాగా పడుతుంది, ఇంద్రియాలు చురుగ్గా ఉంటాయి. మోతాదు మించితే తల బరువెక్కుతుంది, దురద, నోట్లో నీళ్ళూరడం. మీకు మొదటి రెండు రోజులు కలిగిన తేలికదనం అబద్ధం కాదు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

బాబు విషయం. ఏడేళ్ళ లోపు పిల్లలకి, ఎనభై దాటిన పెద్దలకి నస్యం చేయకూడదని శాస్త్రమే గీత గీసింది. ప్రతిమర్శం మాత్రం పుట్టినప్పటి నుంచి చేయవచ్చని అదే శాస్త్రం అంటుంది. అయినా నేను అయిదేళ్ళ పిల్లవాడికి ఇంట్లో చుక్కలు వేయమని చెప్పను. చుక్క వేయబోతే ఏడుస్తాడు, ఏడ్చేటప్పుడు గట్టిగా ఊపిరి లాగుతాడు, ఆ ఊపిరితో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మరీ ముక్కు ఎండిపోతుంటే చిటికెన వేలి పూత చాలు, అది కూడా పిల్లల డాక్టర్‌ని అడిగాకే.

మామగారికి అసలు వద్దు. కచ్చితంగా వద్దు. పక్షవాతంలో నస్యం చెప్పారు కదా అంటారేమో. మూతి వంకరకి చెప్పిన మాట నిజమే. అది వైద్యుడు పక్కనుండి చేయించాల్సినది. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం సరిగ్గా కుదరదు. నీళ్ళు తాగితే పొలమారుతుంది, కొందరికి పొలమారినట్టు దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా లోపలికి పోతుంది. అలాంటి గొంతులోకి నూనె జారవిడవడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. ఆయనకి ఇప్పుడు కావాల్సింది ఫిజియోథెరపీ, మింగడానికి శిక్షణ, బీపీ మందులు మానకపోవడం.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరం రెండుసార్లు చదివాను. తలబరువు సాయంత్రమే వస్తోంది, పగలంతా అంకెలు చూసే పని, వయసు 42. నాకు ముందు తట్టింది ముక్కు కాదమ్మా, చత్వారం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, దాన్ని ఒప్పుకోవడానికి మనసు రాదు. స్క్రీన్ మీది అంకెల కోసం తెలియకుండానే మెడ ముందుకి చాచుతాం, కళ్ళు చిట్లిస్తాం. సాయంత్రానికి నుదురు నొప్పి, మెడ పట్టేయడం. ఒకవేళ ఇప్పటికే రెండు చూపుల కళ్ళద్దాలు వాడుతుంటే, కింది అద్దంలోంచి స్క్రీన్ చూడటానికి గడ్డం పైకెత్తుతూ ఉంటారు, దాంతోనూ మెడ పట్టేస్తుంది. రేపు ఆఫీసులో పక్క సీటు వాళ్ళని మీరు పనిలో ఉండగా పక్క నుంచి ఒక ఫొటో తీయమనండి. చెవి భుజానికి నిట్టనిలువుగా ఉందో, జానెడు ముందుకి ఉందో మీకే తెలుస్తుంది. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి రావాలి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

తుమ్ములు, ముక్కుదిబ్బడ వాతావరణం మారినప్పుడల్లా వస్తుంటే అది అలర్జీ కావచ్చు, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. తలనొప్పి మాత్రలు నెలలో పది, పదిహేను రోజులకి మించి వేసుకుంటుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మీరా సంగతి రాయలేదు గానీ చాలామంది రాయరు, అందుకే అడుగుతున్నాను.

చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గి వస్తువులు జారిపోవడం, గుండీలు పెట్టుకోవడం కష్టమవడం, నడకలో తూలడం ఉంటే మెడలో నరమో వెన్నుపామో నొక్కుకుంటోందేమో చూడాలి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం, మూతి ఒక పక్కకి పోవడం, ఇవి ఏవి కనిపించినా ఏ తైలమూ వెతక్కండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఒకే వైపు ముక్కు మూసుకుపోయి అదే వైపు నుంచి రక్తం పడుతుంటే కూడా ఆలస్యం చేయకూడదు.

ముందు కళ్ళ పరీక్ష చేయించుకోండి. రెండు చుక్కల అణుతైలం ఆ తర్వాత మొదలుపెట్టినా నష్టం లేదు. షడ్బిందు సీసా మూత బిగించి మీ వదినగారికి తిరిగి ఇచ్చేయండి. ఇస్తూ ఆవిడ ఎన్ని చుక్కలు వేసుకుంటున్నారో, భోజనానికి ముందో తర్వాతో కూడా ఒకమాట అడగండి.